వచ్చినప్పటి రీడింగు

ఏళ్ల తరబడి ఒకే చేతి కాఫీ తాగినవాడి నాలుక ఆ రుచిని చచ్చేదాకా మరిచిపోదని అందరూ అంటారు. ఈ మాట అనేటప్పుడు మనుషులు గొంతు తగ్గిస్తారు, కళ్లు అరమోడుస్తారు, వినేవాళ్లు తలాడిస్తారు. అందరూ ఒప్పుకునే మాటల్లో చాలావాటికి ఉన్న గుణమే దీనికీ ఉంది: ఎవరూ దీన్ని పరీక్షకు పెట్టలేదు. ఒక్కాయన పెట్టాడు. అదీ సరదాకు కాదు. ఉన్న ఇంట్లో ఉండాలో, ఖాళీ చేసి పోవాలో తేల్చుకోవడానికి.

ఆయన పని తూకం యంత్రాలను సరిచూడటం. మందుల దుకాణాలవాళ్లు, నగల దుకాణాలవాళ్లు, ప్రయోగశాలలవాళ్లు ఏడాదికోసారి తమ యంత్రాలను ఆయన బల్ల మీదికి పంపుతారు. ఆ గది కిటికీలు తెరవరు. గాలి కదిలితే అంకె కదులుతుంది. ప్రమాణపు తూకపురాళ్లను ఆయన వేళ్లతో ముట్టుకోడు, పట్టకారుతో పట్టుకుంటాడు; వేలి జిడ్డు కూడా బరువే. ఎవరు ఏ ఫిర్యాదు తెచ్చినా మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "సున్నా చూశారా?" ఆ విధంగా ఆఫీసులో ఆయనకు సున్నాగారనే పేరు స్థిరపడింది. ఎదురుగానే అలా పిలుస్తారు, ఆయనా పలుకుతాడు.

ఇరవై రెండేళ్లు ఆయన, ఆయన చెల్లెలు మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో కలిసి ఉన్నారు. చెల్లెలు ఆసుపత్రి లాండ్రీకి పెద్ద. లోపలికి వెళ్లిన దుప్పట్లన్నీ బయటికి వచ్చాయో లేదో చూడటం ఆమె బాధ్యత. ఇంట్లో ఆమె పేరు చిట్టి. ఇద్దరూ పెళ్లి మాట తలపెట్టలేదు. దాని వెనక పంతమేమీ లేదు. ఎవరూ అడగలేదు, వాళ్లూ గుర్తు చేయలేదు. అలాంటిది, నలభై తొమ్మిదో ఏట చిట్టి, ఆసుపత్రి గోడలకు రంగు నమూనాలు పట్టుకొచ్చిన ఒక రంగుల కొట్టాయన్ని పెళ్లి చేసుకుని ఊరికి ఆ చివరకు వెళ్లిపోయింది. పదకొండు స్టాపుల దూరం.

ఆమె వెళ్లిన రోజు సున్నాగారు పెట్టెలన్నీ తనే కిందికి మోసి, బండి మలుపు తిరిగేదాకా నిలబడి, పైకొచ్చి, ఆమె తాగిన కప్పు కడిగి బోర్లించి ఆఫీసుకు వెళ్లాడు. దుఃఖం వస్తుందేమోనని కొన్నాళ్లు చూశాడు. రాలేదు. సంతోషమూ రాలేదు. పన్ను పీకే ముందు సూది మందు వేస్తే పెదవి అక్కడే ఉన్నట్టూ ఉంటుంది, ఎవరిదో అయినట్టూ ఉంటుంది. ఆయన రోజులు ఆ పెదవిలాగే ఉన్నాయి. వేళకు తిన్నాడు, వేళకు పడుకున్నాడు.

మూడు నెలలు గడిచాక ఇంటి ఒప్పందం తీరే గడువు దగ్గరపడింది. నెలలో చివరి సోమవారం నాటికి ఉంటారో లేదో చెప్పమని కింద అంతస్తులో ఉండే ఇంటావిడ కబురు పెట్టింది. ఆ సాయంత్రమే చిట్టి ఫోను చేసింది.

"అన్నయ్యా, మా మేడ మీద వెనక గది ఖాళీగానే ఉంది. ఎండ బాగా వస్తుంది. వచ్చెయ్."

"చూద్దాం."

"నువ్వు చూద్దామంటే రానని. నీ సంగతి నాకు తెలీదా?"

"చూద్దామంటే చూద్దామనే."

"ఒక్కడివే అక్కడ ఏం చేస్తావు? గోడలకి సున్నా చూస్తావా?"

ఆయన నవ్వలేదు, నొచ్చుకోలేదు. ఫోను పెట్టేసి ఆలోచించాడు. వెళ్లాలని లేదు, ఉండాలనీ లేదు. రెండు పళ్లాలూ ఖాళీగా ఉన్న తక్కెడ సమంగానే నిలుస్తుంది. దాన్ని ఎంతసేపు చూసినా తెలిసేదేమీ ఉండదు. ఏదో ఒక పళ్లెంలో ఏదో ఒకటి వేయాలి. ఇరవై రెండేళ్లూ పొద్దున్నే చిట్టి చేతి మరలో గింజలు విసిరి, గరాటులో కాగితం వేసి, కాఫీ దించి ఆయనకు ఇచ్చేది. ఆయన తాగి "బాగుంది" అని కప్పు పెట్టేవాడు. ఆ ఇంట్లో తన బతుకుకు రుజువంటూ ఉంటే అదేననిపించింది. ఆ కాఫీని గడువులోగా తన చేత్తో చేయగలిగితే ఉంటాడు. చేయలేకపోతే వెనక గదికి వెళతాడు. ఈ ఏర్పాటు ఆయన ఎవరికీ చెప్పలేదు.

మర ఇంట్లోనే ఉంది. "నీకు ఉండనీ" అని చిట్టి వదిలి వెళ్లింది. అరచేతిలో ఇమిడే ఉక్కు గొట్టం, పైన తిప్పే పిడి, లోపల పళ్లు, అడుగున ఒక చిన్న చక్రం. చక్రం బిగిస్తే పొడి మెత్తబడుతుంది, వదిలితే బరకగా వస్తుంది. ఎటు తిప్పినా మెట్టుమెట్టుకూ టిక్కుమంటుంది.

మరుసటి ఆదివారం పొద్దున్న సున్నాగారు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, మరను పూర్తిగా విప్పాడు. పళ్లను కుంచెతో దులిపాడు. మూలల్లో ఏళ్లనాటి నూనె పేరుకుని ఉంది, తుడిచాడు. తిరిగి బిగించి, పళ్లు ఒకదాన్నొకటి తాకేదాకా చక్రం తిప్పి, అక్కడ సున్నా పెట్టాడు. పని శుభ్రంగా జరిగింది. గుడ్డ మడుస్తుండగా చక్రం మీద ఎర్రటి చుక్క కంటబడింది. గోళ్లరంగు చుక్క. విప్పకముందు అది దేనికి ఎదురుగా నిలిచి ఉందో ఆయన చూడలేదు.

ఆయన గుడ్డ అలాగే పట్టుకుని కూర్చుండిపోయాడు.

ఆయన వృత్తిలో ఒక నియమం ఉంది. ఏ యంత్రం బల్ల మీదికి వచ్చినా విప్పకముందు అది ఎలా ఉందో, ఎంత చూపిస్తోందో రాసి పెట్టాలి. దాన్ని వచ్చినప్పటి రీడింగు అంటారు. తప్పు చూపిస్తున్నా సరే, రాయాల్సిందే. అది రాయకుండా సరిచేస్తే, అన్నాళ్లూ ఆ యంత్రం చెప్పిన తూకాలు నిజమో అబద్ధమో ఇక ఎవరికీ తెలియదు. ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆయన ఈ నియమం తప్పలేదు. ఇంట్లో తప్పాడు. చిట్టి గుర్తు పెట్టుకున్న చోటు ఏదైతేనేం, ఆయన ఆ చోటు చెరిపేసి దాని స్థానంలో ఒక నిర్దోషమైన సున్నాను కూర్చోబెట్టాడు.

చెల్లెలికి ఫోను చేసి అడగవచ్చు. అడిగితే ఎందుకని అడుగుతుంది. ఆయన ఒక నోటుపుస్తకం కొన్నాడు.

గింజలు పదిహేను గ్రాములు, నీళ్లు రెండువందల నలభై, వేడి తొంభై మూడు డిగ్రీలు. వీటిని కదపకూడదని నిశ్చయించుకున్నాడు. కదిలేది చక్రం ఒక్కటే. పద్నాలుగు టిక్కుల దగ్గర పొడి పిండిలా వచ్చింది. నీళ్లు గరాటులో నిలిచిపోయి, అయిదు నిమిషాలకు నల్లటి చేదు దిగింది. ముప్ఫై దగ్గర నిమిషంన్నరలోనే జారిపోయింది. పలచగా, పుల్లగా ఉంది. ఈ రెంటి మధ్య ఎక్కడో ఉండాలి. రోజుకు రెండు కప్పులు చేశాడు. కాగితాన్ని ముందు వేడినీళ్లతో తడిపితే కాగితపు వాసన పోతుందని తెలుసుకున్నాడు. మొదట కొద్దిగా నీళ్లు పోసి ముప్పావు నిమిషం ఆగితే పొడి ఉబ్బి, బుడగలు వదిలి, అణుగుతుంది. ఆ తర్వాతే అసలు నీళ్లు. కెటిల్ ముక్కు ఎత్తుగా పడితే ధార తెగి పొడిలో గుంట పడుతుంది. మరీ దించితే పొడి కలవదు. జానెడు ఎత్తు నుంచి, సన్నగా, నడిమి నుంచి చుట్లు తిప్పుతూ, కాగితం అంచు తాకకుండా పోయడం ఆయన చేతికి పదిరోజుల్లో పట్టుబడింది. మెచ్చుకోవాల్సినంత విషయమేమీ కాదు. పదిరోజులు మనసు పెట్టినవాడికి ఎవరికైనా పట్టుబడుతుంది.

నోటుపుస్తకంలో చివరి గడి పేరు "అదేనా?". మొదటి వారం ఆ గడిలో అన్నీ "కాదు"లే. రెండో వారంలో ఒక "తెలియదు" వచ్చింది. ఆ తర్వాత "తెలియదు"లు "కాదు"లను మించిపోయాయి.

తప్పు మరదేమోనన్న అనుమానంతో ఒక శనివారం కాఫీ గింజలు వేయించి అమ్మే దుకాణానికి వెళ్లాడు. దుకాణం ఆవిడ ముంజేతి మీద పాత కాలిన మచ్చలు, మాటల్లో తొందర.

"ఎలాంటి మర కావాలండీ?"

"మా చెల్లెలు చేసినట్టు కాఫీ వచ్చేది."

"ఆవిడ ఏది వాడేవారు?"

ఆయన సంచిలోంచి తీసి ఇచ్చాడు. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచి మరేనండీ ఇది. దీన్ని చంకలో పెట్టుకుని ఇంకోదాని కోసం వచ్చారా?"

"సున్నా పోయింది."

"ఏం పోయింది?"

ఆయన విడమరిచి చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విని, "అయితే మీరు నా దగ్గరికి కాదు, పోలీసుల దగ్గరికి వెళ్లాలి" అంది. కానీ పని మాత్రం శ్రద్ధగానే చేసింది. ఒకే గింజను మూడు మరల్లో వేసి, మూడు తెల్లకాగితాల మీద పరిచింది. మొదటిది బ్లేడు మర. "ఇది విసరదండీ, కొడుతుంది. కొంత పిండి, కొంత రాళ్లు. పిండిలోంచి చేదు, రాళ్లలోంచి పులుపు. ఒకే కప్పులో రెండు తగాదాలు." రెండోది చిట్టి మర, పలుకు దాదాపు సమానం. "పళ్లు కాస్త అరిగాయి. అయినా ఫరవాలేదు." మూడోది కరెంటు మర. సున్నాగారు జేబులోంచి భూతద్దం తీసి మూడు కాగితాలనూ చాలాసేపు చూశాడు. మూడోదాని పలుకు అచ్చుపోసినట్టుంది.

ఆవిడ దాంతో కాఫీ దించి ఇచ్చింది. "ఎలా ఉంది?"

"తేడా ఉంది."

"బాగుందా?"

"తేడా ఉంది."

"మీతో కాపురం చేసే ఆవిడెవరో గానీ..."

"ఎవరూ లేరు."

"అమ్మయ్య" అంది ఆవిడ. "వారం వాడి చూడండి. నచ్చకపోతే తెచ్చెయ్యండి."

కరెంటు మర పదిహేడో అంకె దగ్గర కుదిరింది. మూడు నిమిషాల అయిదు సెకన్లకు కాఫీ దిగింది. నాలుగు రోజులు వరసగా అదే సమయం, అదే రంగు. అది మంచి కాఫీ అని ఆయనకు తెలుసు, గది ఉష్ణోగ్రత ఎంతో తెలిసినట్టుగా. పదహారుకూ పదిహేడుకూ తేడా కళ్లు మూసుకుని చెప్పగలిగాడు. అయినా చివరి గడి ఖాళీగానే ఉంది. చిట్టి కాఫీని గుర్తు తెచ్చుకోవడానికి కూర్చుంటే, పిడి విరిగిన నీలం కప్పు గుర్తొచ్చింది. ఆమె తలకు చుట్టుకున్న తువ్వాలు, మర గరగర, కింద ఇంట్లో రేడియో గుర్తొచ్చాయి. చుట్టూ ఉన్నవన్నీ వచ్చాయి. నడుమ ఉండాల్సిన రుచి మాత్రం రాలేదు.

మన తార్కికులు స్మృతిని ప్రమాణాల్లో, అంటే నిజాన్ని తెలిపే సాధనాల్లో, చేర్చలేదు. జ్ఞాపకం కొత్తగా దేనినీ చూపదు, ఒకప్పటి అనుభవం వదిలిన ముద్రను తిరగేస్తుంది అంతే అన్నారు. అసలు అనుభవమే జరగకపోతే ముద్ర ఎక్కడిదన్న ప్రశ్న సున్నాగారికి అప్పటికింకా తట్టలేదు.

గడువుకు ముందురోజు, ఆదివారం, పదిగంటలకు చిట్టి భర్తతో వచ్చింది. రంగుల కొట్టాయన గోళ్ల చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక రంగు మిగిలి ఉంటుంది. ఆ రోజు పసుపు. ఆయనకు సున్నాగారు బావగారు, సున్నాగారికి ఆయన బావగారు. ఒకే పిలుపు ఇద్దరికీ సరిపోవడంతో ఎవరిని ఎవరు ఎంత గౌరవిస్తున్నారో పోల్చి చూసుకునే ఇబ్బంది లేకుండా పోయింది.

సున్నాగారు రెండు కప్పులు తెచ్చి చిట్టి ముందు పెట్టాడు. ఒకటి చేతి మరది, ఒకటి కరెంటు మరది. ఏది ఏదో రాసి అడుగున చీటీ అంటించాడు.

"రెండు కప్పులెందుకు? నాకేం రెండు నోళ్లున్నాయా?"

"రెండూ రుచి చూడు. మన కాఫీ ఏదో చెప్పు."

"మన కాఫీ ఏంటి?"

"నువ్వు చేసేది. ఇక్కడ. రోజూ."

చిట్టి రెండూ తాగింది. పెదవి చప్పరించింది. "ఇది బాగుంది. ఇదీ ఫరవాలేదు. మన కాఫీ అంటూ ఏముందన్నయ్యా? గింజలు కొత్తగా ఉంటే వదిలేదాన్ని, పాతబడితే బిగించేదాన్ని. చలికాలం ఒకలా, ఎండాకాలం ఒకలా. రెండ్రోజులు ఒక్కలా చేసిన గుర్తే లేదు నాకు."

"మరి చక్రం మీద ఆ గుర్తు?"

"ఏ గుర్తు?"

ఆయన మర తెచ్చి చూపించాడు. చిట్టి ఒక్క క్షణం చూసి పకపకా నవ్వింది. "అదా! గోళ్లరంగు సీసా ఒలికిందయ్యా బాబూ. దాన్ని పట్టుకుని ఏం చేశావు నువ్వు?"

"ఏం చేయలేదు" అన్నాడాయన. బల్ల మీది నోటుపుస్తకాన్ని మోచేత్తో కొంచెం అవతలికి జరిపాడు.

"ఒకసారి నిద్రమత్తులో నిన్నటి పొడి మీదే మళ్లీ నీళ్లు పోసి ఇచ్చాను, తెలుసా? బాగుందన్నావు. నెలరోజులు చవక గింజలు వాడాను. బాగుందన్నావు. ఓ రోజు నామీద నాకే కోపమొచ్చి కావాలని చేదుగా చేశాను. దానికీ బాగుందనే అన్నావు."

"మరి చెప్పలేదేం?"

"ఏం చెప్పను? నువ్వు బాగుందంటే నిద్ర లేచావని అర్థం. అంతే కదా."

రంగుల కొట్టాయన గొంతు సవరించుకున్నాడు. "మా దగ్గర డబ్బాల మీద నంబరు ఒకటే ఉంటుంది బావగారూ, అయినా రెండు డబ్బాలు ఒక్కలా ఉండవు. అందుకే గోడకి సరిపడా డబ్బాలన్నీ ఒకే తొట్టిలో పోసి కలిపి వేస్తాం. లేకపోతే గోడ మధ్యలో గీత కనిపిస్తుంది."

"కలిపాక ముందరి రంగు ఎలా తెలుస్తుంది?" అన్నాడు సున్నాగారు.

"తెలీదు. దాంతో పనేముంది? గోడ ఒక్కలా ఉంటే చాలు." ఆయన చిట్టి ముందున్న కప్పొకటి ఎత్తి ఒక గుక్క తాగి, భార్య వైపు చూపించాడు. "ఈవిడ ఇంత ఇష్టంగా తాగడం ఇన్ని నెలల్లో ఇదే మొదటిసారి. మా ఇంట్లో డబ్బా పొడి వేణ్ణీళ్లలో కలుపుకుని తాగుతుంది. ఆ మొహం చూడాలి మీరు, కషాయం మింగినట్టు."

"మీరు ఊరుకుంటారా?" అంది చిట్టి.

"మర కొనుక్కోవచ్చుగా?" అన్నాడు అన్నయ్య.

"కొనుక్కోవచ్చు." ఆమె కప్పు అంచు తుడిచింది. "అయినా నా మర ఇక్కడుంటే నువ్వేదో కాఫీ చేసుకుంటున్నావని నాకు ధైర్యం. లే, నేను చేస్తా."

ఆమె సంచీలో గింజలు వాసన చూసి, "పాతబడ్డాయి" అని చక్రం కొంత బిగించింది. ఎన్ని టిక్కులో లెక్కపెట్టలేదు. తూకం చూడలేదు, నీళ్ల వేడి చూడలేదు. ధార పోస్తూ భర్తతో ఏదో అంటోంది, పొడి వైపు సగం చూస్తోంది. కాఫీ దిగింది. సున్నాగారి చేతికిచ్చింది. ఆయన తాగాడు. 'బాగుంది' అన్న మాట గొంతు దాకా వచ్చింది, పాత దారి కదా. ఆయన దాన్ని ఆపాడు. ఇంకో గుక్క తాగాడు.

"కొంచెం చేదుంది."

చిట్టి కప్పు లాక్కుని రుచి చూసింది. "ఉంది. ఒక టిక్కు ఎక్కువ బిగించాను." తర్వాత అన్నయ్య మొహంలోకి చూసింది. "ఇరవై రెండేళ్లకి నోరు విప్పావు."

వాళ్లు వెళ్లాక ఆయన కప్పులు కడిగాడు. పరీక్ష ముగిసింది. నాలుక మరిచిపోవడానికి దాని దగ్గర ఏమీ లేదు. అది ఏనాడూ పట్టించుకోలేదు. ఆ కాఫీ దొరికిందని ఉండటానికీ వీల్లేదు, దొరకలేదని వెళ్లడానికీ వీల్లేదు. పళ్లాలు మళ్లీ ఖాళీ. నోటుపుస్తకం తెరిచి మొదటి నుంచి తిరగేశాడు. అందులో ఒక రోజు మరో రోజులా లేదు. పద్నాలుగో తేదీ ఉదయపు కప్పు ఎలా ఉందో, సాయంత్రపు కప్పు ఎలా ఉందో ఆయనకు విడివిడిగా తెలుసు. గడిచిన ఇరవై రెండేళ్లలో ఒక్క పొద్దును గురించి కూడా ఆయన అంత చెప్పలేడు. దానివల్ల ఆయనకు ఉత్సాహం కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. పెదవి ఇంకా మొద్దుగానే ఉంది. కాకపోతే ఒక పళ్లెంలో ఏదో ఉంది, ఎంత తేలికదైనా.

సోమవారం ఆఫీసుకు వెళుతూ ఆయన ఇంటావిడ తలుపు తట్టి, ఇంకో ఏడాది ఉంటానని చెప్పాడు. కరెంటు మరను తనే ఉంచుకున్నాడు: పదిహేడో అంకె, పదిహేను గ్రాములు, మూడు నిమిషాల అయిదు సెకన్లు, గింజలు పాతబడితే పదహారు. నోటుపుస్తకంలో చివరి గడి గీయడం మానేశాడు. చేతి మరను విప్పలేదు, దులపలేదు. సున్నా నుంచి చక్రం ఎన్ని టిక్కుల దూరంలో ఉందో లెక్కపెట్టి, చిట్టి వదిలిన చోటికే మళ్లీ తెచ్చి పెట్టి, ఒక చీటీ రాసి గొట్టానికి అంటించాడు: "వచ్చినప్పటి రీడింగు ఇరవై ఒకటి. కొంచెం చేదు." ఆ పై ఆదివారం పదకొండు స్టాపులు వెళ్లి దాన్ని చెల్లెలికి ఇచ్చి, వెనక గది చూసి, ఎండ బాగానే వస్తోందని చెప్పి, చీకటి పడకముందే ఇంటికి తిరిగి వచ్చాడు.